పిల్లల కల్లు

మా ఆయన కారు నడుపుతూ ఖర్జూరం చెట్ల వైపు తలెత్తి చూశాడంటే నాకు భయం పట్టుకునేది. ఎవరినో గుద్దుతాడని కాదు, ఆ బుర్రలో ఏ ఆలోచన పుడుతుందోనని. దోహాలో ఏ రోడ్డెక్కినా రెండు పక్కలా అవే చెట్లు. మా మామ జగిత్యాల దగ్గర ఈతచెట్లు గీసి కల్లు దించిన మనిషి. చెట్టుకు కట్టే కల్లుకుండను మా వైపు లొట్టి అంటాం. మా ఆయన ఆ లొట్టుల మధ్యే పెరిగాడు.

“గిన్ని చెట్లున్నయి, ఒక్కదానికన్న లొట్టి లేదు. సూస్తుంటే పానం ఉసూరుమంటది” అనేవాడు.

“ఎక్కరాదూ మరి. దిగేసరికి కింద పోలీసులుంటరు. ఇంటికి టికెట్ ఆళ్ళే కొనిస్తరు” అనేదాన్ని.

నా నోరు అంతే. భయమేస్తే అందరికీ ఏడుపొస్తుంది, నాకు కోపం వస్తుంది. ఖతర్ వచ్చినప్పటి నుంచి నాకు కోపం ఎక్కువైందని మా ఆయన అంటాడు. ఎందుకు ఎక్కువైందో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

మేముండేది ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో, ఒక పాత విల్లాను ముక్కలు చేసిన పోర్షన్‌లో. ఒక గది, హాలు, వంటిల్లు, మెట్ల కింద చిన్న స్టోరు. గోడకు అవతల కేరళ వాళ్ళు. వాళ్ళు మిరియాలు వేయిస్తే మాకు తుమ్ములొస్తాయి. మా ఆయన మెసయీద్‌లో ఒక ప్లాంట్‌లో క్రేన్ ఆపరేటర్. నేను ఇంట్లో వండి చుట్టుపక్కల ఉండే నలుగురు బ్యాచిలర్లకు క్యారియర్లు కడతాను. పిల్లలిద్దరూ ఇక్కడే స్కూలుకు వెళ్తున్నారు. మా ముగ్గురి వీసాలూ ఆయన ఉద్యోగం మీద ఆధారపడి ఉన్నాయి. ఆయన ఉద్యోగమేమో ప్లాంట్ గేటు దగ్గరుండే ఒక చిన్న మిషన్ మీద ఆధారపడి ఉంది.

ఆ మిషన్‌ను సెక్యూరిటీ వాడు డ్యూటీకొచ్చిన ప్రతివాడి నోటి ముందూ పెడతాడు. ఊదాలి. సున్నా వస్తే లోపలికి వెళ్ళొచ్చు. ఇంకేం వచ్చినా ఐడీ కార్డు తీసేసుకుంటారు. ఎంత తాగావు, ఎప్పుడు తాగావు, ఏం సందర్భం అని ఎవరూ అడగరు. ఆ తర్వాత వీసా క్యాన్సిల్, విమానం. ఇక ఇంట్లోనే మందు కాచారని తెలిస్తే ఉద్యోగం పోవడంతో ఆగదు, జైలు కూడా చూడాలి. ఇవన్నీ మా ఆయనకు తెలియనివి కావు. నాకు చెప్పిందే ఆయన.

ఇదంతా రంజాన్ తర్వాత మొదలైంది. ఆ నెలలో చవగ్గా వస్తున్నాయని బార్లీ ప్యాకెట్లు, ఓట్స్, ఖర్జూరం పాకం సీసాలు తెచ్చి పెట్టుకున్నాను. పిల్లలు ముట్టలేదు. క్యారియర్ల లెక్క తప్పి రోజూ ఖుబూస్ రొట్టెలు మిగిలేవి. పారేయడానికి నాకు చెయ్యి రాదు, ఎండబెట్టి సంచిలో దాచేదాన్ని. ఆ సంచి మా ఆయన కంట పడింది. ఫోన్లో ఎవరో తెల్లాయన మిగిలిపోయిన బ్రెడ్డుతో పలచని బీరు చేస్తున్న వీడియో చూసి నాకూ చూపించాడు.

“అన్ని పారేసేటియేనే. నీ సామానే కరాబుగాకుంట అక్కరకొస్తది. కొంచెం లైట్‌గ చేస్త. మనోళ్ళు నలుగురు శుక్రవారం కూసోని ఇంత తాగుతరు, ఊరు యాదికొస్తది” అన్నాడు.

ఎక్కడ కొడితే నేను పడతానో ఆయనకు తెలుసు. పారేసేటివి అన్నాడా, నేను మెత్తబడ్డాను. అయినా రెండు రోజులు ఆయన్ను తిట్టి కడిగి పారేశాను. ఆయన చెవిన పెట్టలేదు.

బార్లీని పెసల్లాగా నానబెట్టి, గుడ్డలో కట్టి మొలకలు తెప్పించాడు. డాబా మీద ఎండబెట్టి నా మిక్సీలో రవ్వ పట్టాడు. ఎండు ఖుబూస్‌ను పెనం మీద ఎర్రగా కాల్చి తుంచాడు. ఆ రెండూ, ఓట్స్, బాగా వేడి నీళ్ళూ కలిపి, నేను బిర్యానీకి వాడే పెద్ద హాట్‌ప్యాక్‌లో పోసి మూతపెట్టాడు. మధ్యాహ్నానికి ఆ నీళ్ళు గోధుమ రంగుకు తిరిగి తియ్యగా అయ్యాయి. పాత లుంగీలో వడకట్టి, కమలా తొక్కలు, చిటికెడు మెంతులు వేసి మరగబెట్టి, ఖర్జూరం పాకం కలిపాడు. చల్లారాక మంచినీళ్ళ క్యాన్‌లో పోసి బ్రెడ్డు ఈస్ట్ చల్లాడు. మూతకు పైపు పెట్టి, దాని రెండో కొస నీళ్ళ సీసాలో ముంచాడు. పని చేస్తున్నంతసేపూ ఆయన మొహం చూడాలి. క్రేన్ ఎక్కే మనిషిలా లేడు, చెట్టు దిగిన వాళ్ళ నాన్నలా ఉన్నాడు. ఆ సంబరం చూసే నేను నోరు మూసుకున్నాను, లేకపోతే ఆ క్యాన్‌ను మొదటి రోజే బాత్రూంలో గుమ్మరించి ఉండేదాన్ని.

అప్పటి నుంచి నాకు ఇంట్లో నిద్ర లేదు, తిండి సయించలేదు. స్టోరులో సీసా బుడుక్ బుడుక్ మంటుంటే గోడవతల వాళ్ళకు వినిపిస్తోందేమోనని టీవీ పెంచేదాన్ని. వాసన బయటికి పోతుందని సాంబ్రాణి వేసేదాన్ని. కేరళ ఆవిడ ఓ రోజు తలుపు దగ్గర నిలబడి “బ్రెడ్ చేస్తున్నారా చేచీ, మంచి వాసన” అంది. చేచీ అంటే వాళ్ళ భాషలో అక్క. అవునన్నాను. మర్నాడు నిజంగానే బ్రెడ్ కొనుక్కొచ్చి, ఇంట్లో చేశానని చెప్పి ఆమెకిచ్చాను. ఏసీ క్లీనింగ్ వాళ్ళు వచ్చిన రోజు స్టోరు తలుపుకు అడ్డంగా బట్టల స్టాండు పెట్టి, దాని పక్కనే వాళ్ళు వెళ్ళేదాకా ఉల్లిపాయలు తరిగాను. మా చిన్నది స్కూల్లో ఏమంటుందోనని ఇంకో దిగులు. “నాన్న క్యాన్‌లో ఏం పెంచుతున్నాడు” అనడిగింది ఓసారి, చేపలు అని చెప్పాను. చూపించమని ఏడ్చింది.

మొదటిసారి చేసింది బాగానే కుదిరింది. నేనూ ఓ గుక్క తాగాను. తియ్యగా, కాస్త పుల్లగా, కాలిన రొట్టె వాసనతో ఉంది. నలుగురు బ్యాచిలర్లూ తలా రెండు గ్లాసులు తాగి, లేచి నడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఒక్కడి నాలుకా మడత పడలేదు. అందులో ఒకాయన కడప వైపు మనిషి, ఒక ఇంట్లో హౌస్ డ్రైవర్. “అక్కా, ఇది మా ఇంట్లో ఆడోళ్ళు కూడా తాగుతారు, అంత బాగుండాది” అన్నాడు. మా ఆయన ఛాతీ ఉబ్బింది.

తాగే ముందు నాలికతో రుచి చూసి తేల్చడం వాళ్ళింట్లో అలవాటు. మా మామ లొట్టి దించగానే అరచేతిలో ఇంత పోసుకుని నాకేవాడు. తియ్యగా ఉంటే “పిల్లల కల్లు, ఎవలన్న తాగుండ్రి” అనేవాడు. ఎండెక్కి పులిసిందా, “పెద్దోళ్ళది” అని పక్కన పెట్టేవాడు. తీపి ఉన్నంతసేపూ మత్తు లేనట్టే, పులుపు ఎక్కిన కొద్దీ మత్తెక్కినట్టు. కల్లుకు అది నిజమే. చెట్టు నుంచి వచ్చిన తీపే కదా పులిసి మత్తయ్యేది. మా ఆయన కూడా ఆ బీరును అలాగే నాలికతో తూచాడు.

రెండోసారి చేసేనాటికి ఎండలు ముదిరాయి. స్టోరులో ఏసీ లేదు, లోపలికి వెళ్తే కుండలో ఉడికినట్టుండేది. పైగా మిగిలిన ఖర్జూరం పాకమంతా పోశాడు, సీసాలు ఖాళీ అవుతాయని. సీసా బుడుక్ బుడుక్ అనడం మాని ఏకంగా గలగలలాడింది. శుక్రవారం పొద్దున రుచి చూసి మొహం ముడిచాడు.

“పుల్లగయ్యిందే. మనోళ్ళు తాగరు.”

నేను సంతోషించాను. పారబోస్తాడనుకున్నాను. ఆయన వెళ్ళి కిరాణా కొట్లో పిల్లలు తాగే తియ్యటి మాల్ట్ డ్రింక్ డబ్బాలు తెచ్చి, అందులో కలిపి, ఐసు వేసి మళ్ళీ నాలిక మీద వేసుకున్నాడు. మొహం విచ్చుకుంది. “ఇగ సూడు. పిల్లల కల్లు” అన్నాడు.

పిల్లలను కేరళ వాళ్ళింట్లో ఆడుకోమని పంపాను. మధ్యాహ్నం మటన్ కూర, బగారా అన్నం. నలుగురూ వచ్చారు. తాగే ముందు మా వైపు రెండు చుక్కలు నేల మీద సాక పోస్తాం, పోచమ్మ తల్లికి. మా ఆయన టైల్స్ మీద పోశాడు. నేను ఫినాయిల్ గుడ్డతో వెంటనే తుడిచాను. “అమ్మోరిని తుడుస్తవేందే” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అన్నం తినేలోపే కడపాయన చెవులు ఎర్రబడ్డాయి. ఇంకొకాయన చెప్పిన మాటే మళ్ళీ చెబుతున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి ఒక గుక్క వేసుకుని చూశాను. తియ్యగానే ఉంది. కానీ కాసేపటికి నా మొహంలోకి వేడి పాకింది. మొదటిసారి అలా కాలేదు.

సరిగ్గా అప్పుడే మా ఆయన ఫోన్ మోగింది. వాళ్ళ సూపర్‌వైజర్. ప్లాంట్‌లో ఏదో పంపు పాడైంది, అర్జెంటుగా క్రేన్ కావాలి, మిగతా ఆపరేటర్లెవరూ అందుబాటులో లేరు. సూపర్‌వైజర్ ఉండేది ఊళ్ళోనే, ఫరీజ్ బిన్ మహమూద్ వైపు. అప్పటికే బయలుదేరాడు, దారిలోనే కదా మీ ఇల్లు, ఎక్కించుకుని వెళ్తానన్నాడు. మా ఆయన “సరే సార్” అని పెట్టేశాడు.

“సరే సార్ ఏందయ్యా? గేట్ల ఊదద్దా?” అన్నాను.

“ఏం గాదు. తియ్యగుంది, లైట్ అది.”

“తీపి దాంట్ల పుట్టింది గాదు. నువ్వు డబ్బాలు కొనుక్కచ్చి పోసినవ్. కింద ఉన్నదంత పెద్దోళ్ళదే. ఆ పిలగాని చెవులు సూడు.”

చూశాడు. చూస్తూనే మొహంలో రంగు పోయింది. వాళ్ళ నాన్న నాలిక ఆయన్ను మోసం చేసిందని అప్పుడు అర్థమైంది. బ్యాచిలర్లు చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వెనక తలుపు నుంచి జారుకున్నారు.

“కడుపునొప్పని చెప్పు” అన్నాను.

“కంపెనీ క్లినిక్‌కు తోల్కపోతరు. ఆడ నెత్తురు తీస్తరు.”

“ఫోన్ ఎత్తకు.”

“ఇంటికే అస్తుండు గదనే.”

గ్లాసులు సింకులో పడేశాను. జగ్గులో ఇంకా సగం ఉంది, పారబోస్తే వాసన ఇల్లంతా కొడుతుంది. తెలివనుకుని ఒక పని చేశాను. జగ్గును టీపాయ్ మీదే ఉంచి, పక్కన ఖాళీ గ్లాసొకటి పెట్టి, చుట్టూ ఆ ఖాళీ మాల్ట్ డబ్బాలు పేర్చాను. ఎవరు చూసినా పిల్లల డ్రింకు అనుకోవాలి. మా ఆయన డ్యూటీ బట్టలు వేసుకుని, పళ్ళు తోముకోవడానికి బాత్రూంలోకి పోయాడు. తోముకుంటే పోతుందా? పోదని ఇద్దరికీ తెలుసు.

బెల్ మోగింది. సూపర్‌వైజర్ కాకినాడ వైపు మనిషి. నా ఫ్యామిలీ వీసా ఆగిపోతే ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆయనే. చిన్నదానికి జ్వరం వచ్చి ఫిట్స్ వస్తే తన బండిలో ఆస్పత్రికి తీసుకుపోయిందీ ఆయనే. సిగరెట్టు, మందు, చివరికి వక్కపొడి కూడా ముట్టని మనిషి. నన్ను చెల్లెమ్మా అంటాడు. చెమటలు కక్కుతూ లోపలికొచ్చి సోఫాలో కూలబడ్డాడు.

“బండిలో ఏసీ పోయిందమ్మా, పొద్దున్నుంచి ఏం తినలేదు కూడానూ. ఎక్కడ మీ ఆయన?”

“వస్తున్నడన్నా, బట్టలు మార్చుకుంటున్నడు. నీళ్ళు తెస్త” అని వంటింట్లోకి వెళ్ళాను. ఫ్రిజ్‌లో సీసా వెతికి, గ్లాసు కడిగి, నీళ్ళు పోసుకుని వచ్చేసరికి ఆయన చేతిలో టీపాయ్ మీది గ్లాసుంది. ఖాళీది. రెండోసారి జగ్గు వంచుతున్నాడు.

“ఇది మా పిల్లలకి ప్రాణం. మీ దగ్గర ఐసేసి పెట్టారు, భలే చల్లగా ఉందమ్మా.” రెండో గ్లాసు కూడా గటగటా తాగేశాడు.

నీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. మా ఆయన బాత్రూంలోంచి వచ్చాడు. జగ్గు చూశాడు, సూపర్‌వైజర్ మీసాల మీద నురగ చూశాడు, నన్ను చూశాడు. కళ్ళతోనే వద్దన్నాడు.

“పదవయ్యా, ఆలస్యమైపోతోంది” అని ఆయన లేచాడు.

“సార్, ఒక్క నిమిషం, షూ” అని మా ఆయన నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళాడు. గొంతు తగ్గించి చెప్పాడు. “జెప్పకు. బండి నడిపేది ఆయన, ముందుగాల ఆయనే ఊదుతడు. ఆడ గడబిడయితది, నన్నెవడు సూడడు. నేను మెల్లగ ఎనుకకు మళ్ళుత. ఏడ తాగిండో ఆయనకే తెల్వదు. మన పేరు రాదు.”

మా ఆయన చెప్తున్నది నిజమే. అదే నన్ను చంపింది. ఆ సమయంలో నా మనసు ఎంత వేగంగా లెక్కలు వేసిందో చెప్పలేను. సూపర్‌వైజర్ ఊదుతాడు, మిషన్‌లో సున్నా రాదు, నేను తాగను మొర్రో అంటాడు, ఎవడూ నమ్మడు. ఇంట్లో తాగిన డబ్బా డ్రింకు ఆయనకు గుర్తు కూడా రాదు. మా పిల్లలు శుక్ర, శనివారాల సెలవు అయ్యాక ఆదివారం స్కూలుకు పోతారు. నేను క్యారియర్లు కట్టుకుంటాను. అంతా సాఫీగా జరిగిపోతుంది. నేను చేయాల్సిందల్లా నోరు మూసుకుని నిలబడటం. జీవితంలో మొదటిసారి నా నోరు మూసుకోవడం నాకు అంత తేలిగ్గా అనిపించింది.

హాల్లోకి వచ్చేసరికి సూపర్‌వైజర్ తలుపు దగ్గర వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు.

“అన్నా, పోకు” అన్నాను. “అది డబ్బా డ్రింకు గాదు. మా ఇంట్ల చేసిన బీరు. మస్తు గట్టిగున్నది. గేట్ల ఊదితే దొరుకుతవు.”

మా ఆయన గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. సూపర్‌వైజర్ లేసు వదిలేసి నా వైపు చూశాడు. నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నట్టున్నాడు, ఒక్క క్షణం నవ్వబోయాడు. తర్వాత జగ్గు దగ్గరకు వెళ్ళి వాసన చూశాడు. అరచేతిని నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

“నేను ముట్టనమ్మా” అన్నాడు చివరికి. “పుట్టి బుద్ధెరిగి ముట్టలేదు.”

బాత్రూంలోకి పోయి వేలు పెట్టుకుని కక్కుకున్నాడు. బయటికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఖాళీ కడుపు మీద రెండు గ్లాసులు పడ్డాయి, ఎంత కక్కితే ఏం లాభం. సోఫాలో కూర్చుని ఫోన్ తీసి ప్లాంట్‌కు చేశాడు. తనకూ ఆపరేటర్‌కూ ఫుడ్ పాయిజన్ అయిందని, మధ్యాహ్నం ఆపరేటర్ ఇంట్లో తిన్నామని, బయటి నుంచి ఎవరినైనా పిలిపించుకోమని హిందీలో చెప్పాడు. అబద్ధం చెప్పడం రాని మనిషి. మధ్యలో రెండుసార్లు మాట తడబడింది. అవతలి వాడు క్లినిక్‌కు రమ్మన్నట్టున్నాడు, కదలలేని స్థితిలో ఉన్నామన్నాడు. ఫోన్ పెట్టేసి తల పట్టుకున్నాడు.

మా ఆయన జగ్గూ క్యాన్ బాత్రూంలో గుమ్మరించి, మీద సీసాడు ఫినాయిల్ పోశాడు. సూపర్‌వైజర్ బండి నడిపే స్థితిలో లేడు, అందుకని చీకటి పడేదాకా ఆ సోఫాలోనే ఉన్నాడు. కంపెనీ నుంచి ఫోన్ వస్తే ముగ్గురం ఉలిక్కిపడేవాళ్ళం. నేను మజ్జిగ తెచ్చిపెట్టాను, ముట్టలేదు. నీళ్ళు తెచ్చాను, ముట్టలేదు. ఆయన తలచుకుంటే ఒక్క ఫోన్‌తో మా సంసారం ఖతర్‌లో ఆఖరు. ఆ ఫోన్ ఆయన చేతిలోనే ఉంది. నేను దాని మీద నుంచి కళ్ళు తీయలేకపోయాను. మా ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని, తప్పు చేసిన బడిపిల్లాడిలా గోళ్ళు చూసుకుంటున్నాడు. ఆయన మీద నాకు కోపం కూడా రాలేదు, అంత భయపడ్డాను.

మసీదులో రాత్రి ఇషా అజాన్ అయ్యాక సూపర్‌వైజర్ లేచాడు. మొహం కడుక్కొచ్చాడు. మా ఆయన వైపు చూడనేలేదు.

“టాక్సీలో పోతాను. బండి రేపు తీసుకెళ్తాను. ఈ సంగతి నా నోట్లోంచి రాదు. పిల్లలున్నారు కాబట్టి అంతే. ఇకమీదట ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనమ్మా, ఏమనుకోవద్దు.”

ఏమనుకుంటాను? తలూపాను. తలుపు తీసి, బూట్లు వేసుకుంటూ ఆగాడు.

“ఒక్కటి అడుగుతాను చెల్లెమ్మా. నువ్వు చెప్పకపోతే నేనక్కడ దొరికిపోయేవాణ్ణి. ఎక్కడ తాగానో నాకే తెలియదు. మీ మీదికి ఏమీ వచ్చేది కాదు. అది నీకు తట్టలేదా?”

“తట్టిందన్నా.”

“మరెందుకు చెప్పావు?”

“చెప్పకుండ ఉండగలుగుతనేమోనని భయమైంది” అన్నాను.